తొంభై రోజుల ఉద్దెర

ఫంక్షన్ హాలు పెళ్లిళ్ల కోసం కట్టింది. వేదిక మీద ముందురోజు రిసెప్షన్ తాలూకు బంతిపూల దండలు వాడిపోయి వేలాడుతున్నాయి. వధూవరులు కూర్చునే ఎర్ర మఖమల్ కుర్చీల్లో ఒకదాన్ని పక్కకు లాగి దాని మీద ప్రొజెక్టర్ పెట్టారు. రెండోదాంట్లో లాప్‌టాప్ సంచి కూర్చుంది. వెనక తెల్లటి తెర, దాని మీద ఆకుపచ్చ గళ్ల బిల్లు. బ్యానర్ మీద 'వ్యాపారస్తుల అవగాహన సదస్సు' అని పెద్ద అక్షరాలు, కింద 'భోజన సదుపాయం కలదు' అని చిన్న అక్షరాలు. ఏ సభకైనా ఆ చిన్న అక్షరాలే జనాన్ని రప్పిస్తాయని గిట్టనివాళ్లు అంటారు. ఇబ్రహీంపట్నంలో ఆ రోజు అలా జరగలేదు. వంటలు పొయ్యి దిగకముందే కుర్చీలు నిండాయి.

కారణం ఉంది. 2025 దసరా అప్పుడే దాటింది. అంతకు కొద్ది రోజుల ముందు, సెప్టెంబరు 22న, జీఎస్టీ శ్లాబులు మారాయి. 12 శాతం, 28 శాతం గళ్లు దాదాపుగా ఎగిరిపోయాయి. సిమెంటు 28 నుంచి 18కి దిగింది. సబ్బులు, టూత్‌పేస్టులు, తలనూనెలు 18 నుంచి 5కు వచ్చాయి. ట్రాక్టర్ 12 నుంచి 5కు పడింది. టీవీలో చూసినవాళ్లకు అది ఒక వార్త. కొట్లో పాత ధర ముద్రించిన డబ్బాలు వరసలుగా పేర్చుకున్నవాళ్లకు మాత్రం అది నాలుగు రాత్రుల నిద్ర. కొన్నప్పుడు ఒక రేటు, అమ్మేటప్పుడు ఇంకో రేటు, అడిగే గిరాకీకి టీవీలో విన్న రేటు. వచ్చినవాళ్లలో సగంమంది కంప్యూటర్ మీద మోజుతో రాలేదు, ఈ మూడు రేట్ల ముడి విప్పేవాడెవడైనా దొరుకుతాడేమోనని వచ్చారు.

సిమెంటు, ఇనుము అమ్మేవాళ్లు ముందు వరసల్లో కూర్చున్నారు. సాగర్ రోడ్డు పొడవునా ప్లాట్లు లేచిన నాటినుంచి ఊళ్లో వాళ్లదే హవా. వాళ్ల వెనక మందుల షాపులు, బట్టల షాపులు, ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలను నమ్ముకున్న టిఫిన్ సెంటర్లు, జిరాక్సు దుకాణాలు. ఆఖరి వరసల్లో కిరాణా వాళ్లు, విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు అమ్మేవాళ్లు. యాచారం, మంచాల వైపు నుంచి బస్సెక్కి వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. ఒక ఎరువుల దుకాణం సేటు తనతోపాటు డిగ్రీ చదివిన కొడుకునూ, ముప్పై ఏళ్లుగా లెక్కలు రాస్తున్న గుమాస్తానూ తెచ్చాడు. గుమాస్తా చేతిలో ఎర్రగుడ్డ అట్ట ఖాతా పుస్తకం ఉంది. సభకు పుస్తకం ఎందుకని కొడుకు విసుక్కున్నాడు. "ఉంటె ఏం బరువు?" అన్నాడాయన.

ఈ మండలానికి సాఫ్ట్‌వేర్ కొత్తేం కాదు. ఇదే మండలంలోని ఆదిబట్లలో టీసీఎస్ క్యాంపస్ ఉంది. దేశదేశాల బ్యాంకులకు, బీమా కంపెనీలకు పనిచేసే సంస్థ అది. అదే ఆదిబట్లలో టాటా బోయింగ్ కర్మాగారం అపాచీ హెలికాప్టర్ల ఫ్యూజిలేజ్‌లు తయారుచేస్తుంది. మొదటిది 2018లో బయటికొచ్చింది. పొద్దున్నే ఐడీ కార్డులు మెడలో వేసుకుని బస్సుల్లో వెళ్లే పిల్లలను ఊరు రోజూ చూస్తూనే ఉంది. అయినా ఊరి బజారుకు ఆ సాఫ్ట్‌వేర్‌తో చుట్టరికం కలవలేదు. అక్కడ తయారయ్యేది ఇక్కడి గల్లాపెట్టె దాకా రాదు. ఇక్కడికొచ్చే సాఫ్ట్‌వేర్ దారి వేరు. అది బీకాం చదివిన పిల్లల చేతుల మీదుగా, ట్యాలీ నేర్పే రేకుల షెడ్ల మీదుగా, పన్ను నోటీసుల వెంట నడిచొచ్చింది.

ట్యాలీ పుట్టుక కూడా ఒక దుకాణదారుడి తలనొప్పే. శ్యామ్ సుందర్ గోయెంకా మిల్లులకు ముడిసరుకు, యంత్రాల విడిభాగాలు సరఫరా చేసేవారు. తన లెక్కలకు సరిపడే ప్రోగ్రాం బజార్లో దొరక్క, గణితం చదివిన కొడుకు భరత్‌ను నువ్వే ఒకటి రాయరాదా అన్నారు. అలా 1986లో బెంగళూరు కేంద్రంగా ఆ కంపెనీ మొదలైంది. ఆ రోజుల్లో అకౌంటింగ్ ప్రోగ్రాం అంటే ప్రతి ఖాతాకూ ఒక అంకెల కోడ్ గుర్తుపెట్టుకోవాలి. ట్యాలీ ఆ కోడ్లు తీసేసి పేరు కొడితే చాలు అంది. దేశంలోని గుమాస్తాలు దాన్ని ఒప్పుకున్నది ఆ ఒక్క సుగుణం వల్లే అనుకోవాలి. భరత్ గోయెంకాకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మన దగ్గర 2005 ఏప్రిల్ 1న వ్యాట్ మొదలయ్యాక పేపర్ల చిన్న ప్రకటనల్లో 'ట్యాలీ వచ్చినవారు కావలెను' అన్న మాట మామూలైపోయింది. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక ఇక చెప్పేదేముంది! నెలనెలా రిటర్నులు, అమ్మినవాడు ఎక్కిస్తేనే కొన్నవాడికి పన్ను వాపసు. పక్కవాడి లెక్క సరిగ్గా లేకపోతే మన జేబుకు చిల్లు. అప్పటినుంచీ కంప్యూటర్ వద్దనే మాట బజార్లో వినపడటం తగ్గింది.

వేదిక మీద మాట్లాడిన కుర్రాడు హైదరాబాద్ నుంచి వచ్చాడు. చురుకైనవాడు. ప్రతి వాక్యం చివరా "క్లియరేనా సార్?" అంటాడు. రేట్లు మార్చడం ఎలాగో మొదటి అరగంటలో చూపించాడు. ఫలానా తేదీ నుంచి ఫలానా రేటు అని ఒకసారి చెబితే వెనకటి బిల్లులు వెనకటి రేటుతోనే ఉంటాయి, కొత్తవి కొత్త రేటుతో వస్తాయి. ముందు వరసల్లో కొందరు తలకాయలూపారు, కొందరు ఫోన్లలో ఫొటో తీసుకున్నారు. అక్కడితో సభ ముగించి ఉంటే అందరూ తృప్తిగా భోజనానికి లేచేవాళ్లు. కానీ అమ్మకం అన్నాక ఇంకొంచెం గొప్ప చూపించాలి కదా. కుర్రాడు ఒక మీట నొక్కి, "ఇప్పుడు మీకు అసలైన ఫీచర్ చూపిస్తా" అన్నాడు.

తెర మీద బాకీల జాబితా వచ్చింది. ఎవరు ఎంత ఇవ్వాలి, ఎన్నాళ్లయింది. 30 రోజుల లోపు ఆకుపచ్చ. 60 దాటితే పసుపు. 90 దాటితే ఎరుపు. "ఎర్రగా ఉన్నవాళ్లకు సరుకు ఇవ్వకండి సార్, సిస్టమే ఆపేస్తుంది. బిల్లు కొట్టనివ్వదు. మొహమాటం మీకు లేకుండా పోతుంది" అన్నాడు నవ్వుతూ. సిమెంటు వాళ్లు చప్పట్లు కొట్టారు. బిల్డర్లకు అప్పులిచ్చి చెప్పులరిగినవాళ్లు వాళ్లు, ఆ చప్పట్లలో న్యాయం ఉంది.

ఆఖరి వరసలో గుమాస్తా లేచి నిలబడ్డాడు. మైకు ఆయన దాకా రాలేదు. గొంతే పెంచాడు.

"సారూ, మా దాంట్ల మిరుగుల ఇచ్చిన ఇత్తనాలు ఎప్పుడు ఎర్రగయితయి?"

కుర్రాడికి 'మిరుగు' అర్థం కాలేదు. మృగశిర కార్తె అని పక్కనెవరో చెప్పారు. తేదీ చెప్పమన్నాడు. జూన్ 15 అనుకోమన్నాడు గుమాస్తా. కుర్రాడు వేళ్లు కదిపి, "సెప్టెంబర్ 13కి రెడ్‌లోకి వస్తుంది సార్" అన్నాడు.

"అంటె ఉత్తర కార్తె. అప్పటికి పత్తి కాయ మీదుంటది. తియ్యడానికి ఇంకా నెల గావాలె. చేతికి పైసలు రావడానికి ఇంకో నెల. మరి ఆళ్లు ఎర్రగెట్లయిన్రు? తప్పేం చేసిన్రు?"

హాల్లో ఎవరో నవ్వారు. మరెవరూ నవ్వలేదు. వెనక నాలుగైదు వరసల్లో ఉన్నవాళ్లందరి వ్యాపారమూ ఆ ప్రశ్నలోనే ఉంది.

కోస్తాలో అరువు అంటారు, ఇక్కడ ఉద్దెర అంటారు. ఈ ప్రాంతంలో ఎరువుల దుకాణం అంటే సగం దుకాణం, సగం అప్పుల ఆఫీసు. విత్తనం మృగశిరలో పోతుంది, మందులు శ్రావణ భాద్రపదాల్లో, డబ్బు దీపావళి దాటాక. వానలు మొహం చాటేస్తే సంక్రాంతి దాటాక. యూరియా బస్తా సంగతే చూడండి. 2018 నుంచి రైతు ఆధార్ చూపించి వేలిముద్ర వేస్తేనే బస్తా బయటికొస్తుంది. ఆ యంత్రంలో అమ్మకం నమోదైతేనే కంపెనీకి సర్కారు సబ్సిడీ ముడుతుంది. 45 కిలోల బస్తా అమ్ముడైందని యంత్రం ఢిల్లీ దాకా చెప్పేస్తుంది. దాని తాలూకు 266 రూపాయలు దుకాణదారుడి గల్లాపెట్టెలో పడ్డాయా లేదా అన్నది యంత్రం అడగదు. ఆ సంగతి రాసేది ఎర్ర పుస్తకం ఒక్కటే.

పన్ను లెక్క కూడా అంతే. బిల్లు కొట్టిన రోజే అమ్మకం. పురుగుమందు మీద 18 శాతం. రైతు డిసెంబరులో ఇస్తాడా, జనవరిలో ఇస్తాడా అన్నదానితో జీఎస్టీకి పనిలేదు. గడువు తేదీకి కట్టాల్సిందే. కొన్నప్పుడు కట్టిన పన్ను మినహాయించుకోగా మిగిలేది చిన్న మొత్తమే కావచ్చు, కానీ అది కూడా ఇంకా రాని డబ్బు మీద కట్టే పన్ను. ఆ డబ్బు చివరికి రానే రాకపోతే? కట్టిన పన్ను తిరిగి రాదు. బాకీ మునిగినా పన్ను మునగదు. ఇది చెప్పినప్పుడు వేదిక మీద కుర్రాడి గొంతు కూడా కాస్త తగ్గింది.

90 అన్న అంకె ఎక్కడినుంచి వచ్చింది? సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు గాలిలోంచి తీసింది కాదు. నగరాల్లో సరుకు అరువిచ్చేవాళ్లు నెల, రెండు నెలలు, మూడు నెలలు అనే లెక్క కట్టుకుంటారు. బ్యాంకులదీ అదే లెక్క. మామూలు అప్పు 90 రోజులు బకాయి పడితే మొండి బాకీ కింద రాయాలన్నది 2004 నుంచీ రిజర్వు బ్యాంకు నియమం. అయితే అదే రిజర్వు బ్యాంకు పంట రుణాల దగ్గరికొచ్చేసరికి రోజులు లెక్కపెట్టడం మానేసింది. తక్కువ కాలపు పంటలైతే గడువు దాటాక రెండు పంట కాలాలు, ఎక్కువ కాలపు పంటలైతే ఒక పంట కాలం చూడమంది. ముంబయిలో కూర్చున్నవాళ్లకు కూడా పొలానికి వేరే క్యాలెండర్ ఉంటుందని తెలిసింది. ఆ ముక్క ఇబ్రహీంపట్నం వచ్చిన తెర మీద లేదు, అంతే.

కుర్రాడు తెలివైనవాడు గనక వాదన పెట్టుకోలేదు. "మార్చుకోవచ్చు సార్. ఒక్కొక్క పార్టీకి క్రెడిట్ పీరియడ్ వేరేగా ఇవ్వొచ్చు. మీరు 180 పెట్టుకోండి" అన్నాడు. సేటు కొడుకు సంతోషించాడు. గుమాస్తా మాత్రం కూర్చోలేదు.

"అందరికీ 180 ఎట్ల పెడ్తవ్ సారూ? బోరున్నోడు టమాట, బీర ఏస్తడు. పదిహేను దినాలకోసారి మార్కెట్ల పైసలు చూస్తడు. ఆనికి 180 ఇస్తె మనమే మునుగుతం. ఒట్టి వాన మీద పత్తి ఏసినోనికి 180 సాలది. పాలు పోసేటోడు పదిహేను దినాలకు ఇస్తడు. ఆటో నడిపేటోడు వారానికింత కడ్తడు."

అక్కడ హాలు నిశ్శబ్దమైందని రాస్తే అబద్ధమవుతుంది. భోజనాల దగ్గర గంటెల చప్పుడు మొదలైంది, ముందు వరసల్లో ఫోన్లు మోగుతున్నాయి. కానీ వెనక వరసల్లో ఒకళ్ల తరవాత ఒకళ్లు లేవడం మొదలుపెట్టారు. అప్పటిదాకా అడగడానికి సిగ్గుపడినవన్నీ బయటికొచ్చాయి.

ఒకాయన సమస్య పేర్లు. తన ఊళ్లో ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్లు నలుగురు. పుస్తకంలో 'వేపచెట్టు ఇంటాయన', 'బస్టాండు కాడాయన', 'మేకలాయన', 'చిన్నాయన' అని రాసుకుంటాడు. కంప్యూటర్‌లో రెండోసారి అదే పేరు కొడితే ఉన్నదే మళ్లీ ఎందుకంటూ వెనక్కి కొట్టింది. ఫోన్ నంబరుతో గుర్తుపెట్టుకోమన్నారు. ఫోన్ నంబర్లు మనవళ్లు మార్చినప్పుడల్లా మారతాయి, వేపచెట్టు మారదు. ఇంతకీ వేపచెట్టు అని కొడితే తీసుకుంటుందా? తీసుకుంటుందన్నాడు కుర్రాడు. ఆయన ముఖం విప్పారింది. అంత చిన్న సంగతి ఎవరూ ముందు చెప్పలేదు. తెలుగులో కొట్టినా తీసుకుంటుందని ఎవరో అందించారు. ట్యాలీ లాంటి ప్రోగ్రాముల్లో తెలుగు ఎన్నో ఏళ్లుగా ఉంది. మన షాపుల్లో దాన్ని వాడేవాళ్లు తక్కువ, చూపించేవాళ్లు ఇంకా తక్కువ.

కిరాణా నడిపే ఒకామె అడిగింది ఇంకోరకం. 2018, 2019 ప్రాంతంలో ఫోన్లలో ఉద్దెర రాసుకునే యాప్‌లు వచ్చాయి. అప్పు రాయగానే అవతలివాళ్లకు మెసేజ్ పోతుంది. గడువు దాటితే గుర్తు చేస్తూ ఇంకో మెసేజ్. ఆమె కొడుకు అలాంటిదేదో ఫోన్లో పెట్టాడు. మొదటి నెలలో ఒకింటికి మెసేజ్ పోయింది. ఆ ఇంట్లో ఫోన్ ఉండేది అల్లుడి దగ్గర. "అల్లుని ముంగట ఇజ్జత్ పాయె అని ఆ పెద్దమ్మ మూడు నెలలు మా దుకాణం గడప తొక్కలే. పైసలు మాత్రం తెల్లారే పంపింది" అందామె. పైసలు వచ్చాయి కదా అని ఒక సిమెంటు సేటు అన్నాడు. "వచ్చినయ్. మనిషి పోయింది గదా అన్నా" అంది. మెసేజ్ పోకుండా ఆపే మీట ఎక్కడుందో ఆమెకు కావాలి. కుర్రాడు దిగివచ్చి ఆమె ఫోన్ చేతిలోకి తీసుకుని ఆపేసి ఇచ్చాడు. ఆ రోజు జరిగినవాటిలో అందరికంటే ఎక్కువ లాభపడింది ఆమే అయి ఉంటుంది.

ఉద్దెరను పొగడటానికి ఇదంతా చెప్పడం లేదు. నగదు ధర ఒకటి, ఉద్దెర ధర ఒకటి ఉండటం ఈ బజారుకు కొత్త కాదు. ఆ తేడా వడ్డీ పేరు లేని వడ్డీ. ఎర్ర పుస్తకంలో ఏం రాసి ఉందో చాలామంది రైతులు ఎన్నడూ చదువుకోలేదు, సేటు చెప్పిందే లెక్క. పత్తిని దుకాణదారుడికే తూచి బాకీ చెల్లగొట్టే పద్ధతిలో తూకం దగ్గర ఎవరు నష్టపోయారో చెప్పక్కర్లేదు. కంప్యూటర్ బిల్లు చేతికొస్తే రైతు కొడుకు దాన్ని చదువుతాడు, ప్రశ్నిస్తాడు. ఆ భయం కూడా ఆ హాల్లో కొన్ని కుర్చీల్లో కూర్చుని ఉంది. బయటికి చెప్పుకోలేదంతే. 2025లో పత్తి సీసీఐకి అమ్మాలంటే రైతు ఫోన్ యాప్‌లో ముందుగా పేరు నమోదు చేసుకుని రోజు ఖాయం చేసుకోవాలి. పొడుగు పింజ రకానికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు, డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది. సీసీఐకి అమ్మినవాడి పైసలు ఇక దుకాణం మీదుగా పోవు. పత్తి తూచుకుని బాకీ కోసుకునే రోజులు ఇలా తగ్గుతుంటే, వేపచెట్టు ఇంటాయన తనంతట తాను వచ్చి ఇస్తాడా అన్నదే అసలు లెక్క. ఆ లెక్క చెప్పగలిగేది మనిషిని ఎరిగినవాడే.

సేటు కొడుక్కు అది అప్పుడే తట్టినట్టుంది. మొదట్లో గుమాస్తా లేచినప్పుడల్లా చొక్కా పట్టి లాగినవాడు, భోజనాల దగ్గర పళ్లెం పట్టుకుని ఆయన పక్కనే కూర్చున్నాడు. పప్పు, వంకాయ కూర, చారు, జిలేబీ. జిలేబీ బాగుందని అందరూ అన్నారు. సేటు ఇంకా బేరంలో ఉన్నాడు. మొదటేడు ఎంత, తరవాత ఏటా ఎంత, కంప్యూటర్ చెడిపోతే లెక్కలు ఎక్కడుంటాయి, ఈ కుర్రాడు ఫోన్ ఎత్తుతాడా ఎత్తడా. మంచి ప్రశ్నలే. ముగ్గురు సిమెంటు వాళ్లు అక్కడికక్కడే అడ్వాన్సు ఇచ్చారు. మిగతావాళ్లు దీపావళి కానియ్యమన్నారు.

చేతులు కడుక్కున్నాక గుమాస్తా కుర్రాడి దగ్గరికెళ్లి మెల్లగా ఇంకొకటి అడిగాడు. బాకీ కొట్టేస్తే ఇందులో ఎలా రాయాలి? ఏ సంవత్సరమూ ఒకళ్లో ఇద్దరో ఉండకపోరు. పంట పోయి కాదు, మనిషే పోతాడు. దినాలు అయ్యాక సేటు పుస్తకం తెప్పించి ఆ పేజీ మీద అడ్డంగా గీత గీస్తాడు. ఆ ఇంటికి వెళ్లి ఇంకెవరూ అడగరు. కుర్రాడు రైట్ ఆఫ్ అని ఒకటుందని, జర్నల్ ఎంట్రీ వేయాలని చెప్పాడు. ఎందుకు కొట్టేశారో రాయడానికి కింద చోటుంటుందన్నాడు. కంపెనీలుగా రిజిస్టరైనవాళ్లయితే 2023 ఏప్రిల్ నుంచి లెక్కల్లో ఏది ఎప్పుడు దిద్దినా ఆ జాడ చెరిగిపోకుండా ఉండే సాఫ్ట్‌వేరే వాడాలి, మీలాంటి సొంత దుకాణాలకు ఆ నిబంధన లేదు అని కూడా చెప్పాడు. గుమాస్తాకు ఆ రెండోది అక్కర్లేదు. కింద చోటుంటుందన్న మాట ఒక్కటే మళ్లీ అడిగి ఖాయం చేసుకున్నాడు.

హాలు వాళ్లు సాయంత్రం ఫంక్షన్‌కు కుర్చీలు సర్దడం మొదలుపెట్టారు. వేదిక పక్కన ప్లగ్ దగ్గర సేటు కొడుకు లాప్‌టాప్ తెరిచాడు. కుర్రాడు నెల రోజులు వాడి చూడమని ఉచితంగా ఎక్కించి ఇచ్చాడు దాంట్లో. గుమాస్తా ఎర్ర పుస్తకం విప్పి వేలితో పేజీలు తిప్పుతున్నాడు.

"ఈయనకు ఎన్ని దినాలు కాకా?"

"కూరగాయలాయన. ఇరవై."

"ఈయనకు?"

"పత్తి. బోర్ లేదు. సంక్రాంతి దాంక చూడు."

"ఈయనకు?"

గుమాస్తా కాసేపు ఆగాడు. "బిడ్డ పెండ్లి పెట్టుకున్నడు. ఫాల్గుణం అయినంక అడుగుదాం. నీ మిషన్‌ల ఏమని రాస్తవో రాయి."

టీ వచ్చేసరికి పదకొండు పేర్లయ్యాయి. పుస్తకంలో ఇంకా నాలుగొందల పైచిలుకు ఉన్నాయి.